తలా ఒక పావు

నలభై రెండు ఊళ్ళ పాలసంఘాల పట్టీ ఫోనులోకి వచ్చినప్పుడు మునిలక్ష్మి పాలక్యాన్లు కడుగుతోంది. తడిచేతులు చీరచెంగుకు తుడుచుకుని పైనుంచి వెతకడం మొదలుపెట్టింది. మొదటి పదిలో లేదు. సరే, అక్కడ ఉంటామని ఎవరూ కలగనలేదు. ఇరవైలోనూ లేదు. ముప్పై దాటేసరికి వేలు నెమ్మదించింది. నలభయ్యో వరుసలో కనిపించింది: బండ్లకుప్పం మహిళా పాలసంఘం.

పట్టీ కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క రాసి ఉంది. ఆవులెన్ని, వాడిన బూసా దాణా మూటలెన్ని, పనిచేసే మనుషులెందరు, వచ్చిన పాలెన్ని, అందులో వెన్న ఎంత, ఇవన్నీ చూసి ఒక సంఘంతో ఇంకో సంఘాన్ని పోల్చి సామర్థ్యం కొలిచారట. అడుగున ఉన్న నాలుగు సంఘాలను మూసి పక్క ఊరి సంఘాల్లో కలిపేస్తారట.

పక్క ఊరంటే ఎర్రగట్టపల్లి. నాలుగు కిలోమీటర్లు. బేతమంగళ పోయే బస్సు ఆ దారిన రాదు. మోటారు బండి ఉన్నవాళ్ళు పోతారు. లేనివాళ్ళు ఏం చేస్తారు? బండ్లకుప్పంలో సగం మంది ఆడవాళ్ళు క్యాను చంకన పెట్టుకుని నడిచి వచ్చేవాళ్ళే. రోజుకు రెండుపూటలా నాలుగు పోనూ నాలుగు రానూ నడిచి ఎవరు పాలు పోస్తారు? ఒక నెల పోస్తారు. రెండో నెల ఆవును అమ్ముకుంటారు. తొమ్మిదేళ్ళుగా ఆ సంఘానికి కార్యదర్శి అయిన మునిలక్ష్మికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆమెకు ముందు ఒళ్ళు మండింది. పాలు తక్కువని ఎవరన్నారు? రోజుకు ఆరువందల పన్నెండు లీటర్లు. వెన్న చూస్తే తాలూకాలో ఎవరికీ తీసిపోదు. మరి నలభయ్యో స్థానం ఎట్లా వచ్చింది? పట్టీని పక్కకు జరిపి ఆవుల గడి చూసింది. నూటపద్దెనిమిది. అంటే ఒక్కో సీమ ఆవు రోజుకు ఐదు లీటర్లు. సీమ ఆవు ఐదు లీటర్లిస్తే ఎవరైనా నవ్విపోతారు.

అప్పుడు ఒళ్ళు మంట చల్లారింది. తప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు. తన చేత్తో తనే రాసింది కాబట్టి ఇంకెవరినీ తిట్టడానికి లేకపోయింది.

మూడేళ్ళ కిందట గడ్డల జబ్బు వచ్చింది. ఆవుల ఒంటినిండా గడ్డలు లేచి, జ్వరంతో మేత ముట్టకుండా కూలిపోయాయి. ఒక్క నెలలో ఊళ్ళో పదకొండు ఆవులు పోయాయి. దేవుడు ఏరికోరి చేసినట్టు ఆ పదకొండూ ఒంటి ఆవు ఇళ్ళలోవే. సంఘం నియమం ఏమంటే, ఏడాదిలో ఇన్ని రోజులని పాలు పోయకపోతే సభ్యత్వం పోతుంది. ఆవు పోయిన ఆడమనిషి సంఘంలో కూడా లేకుండా పోతుంది. ఇంగ ఆమె సాయంత్రం ఐదింటికి ఏం పని పెట్టుకుని ఇల్లు కదలాలి?

దీని గురించి ఎవరూ సభ పెట్టలేదు, తీర్మానం రాయలేదు. ఒక సాయంత్రం సంఘం అధ్యక్షురాలు సొన్నమ్మ, ఆవును పూడ్చిపెట్టిన మూడోరోజున, క్యాను పట్టుకుని వరుసలో వచ్చి నిలబడింది. ఇరుగుపొరుగు ఇళ్ళ నలుగురూ తమ పాలల్లోంచి తలా ఒక పావు లీటరు ఆమె క్యానులో వంచారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. సొన్నమ్మ వంతు వచ్చింది. తూకంలో సరిగ్గా ఒక లీటరు చూపించింది. మునిలక్ష్మి పుస్తకం తెరిచి, గౌరి అనే ఆవు పేరుకు ఎదురుగా ఒక లీటరు అని రాసింది. ఆ మర్నాటికి మిగిలిన పది మందికీ వాళ్ళ వాళ్ళ వీధుల్లో అదే ఏర్పాటు జరిగిపోయింది. మూడేళ్ళుగా బండ్లకుప్పంలో పదకొండు చచ్చిన ఆవులు సాయంత్రం పూట తలా ఒక లీటరు పాలిస్తున్నాయి.

మంచికని చేసిన పని ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

మర్నాడు బేతమంగళ బస్టాండులో ఎర్రగట్టపల్లి కార్యదర్శి వెంకటరామప్ప ఎదురుపడ్డాడు. అతని సంఘం పట్టీలో తొమ్మిదోది. ఆ తొమ్మిది అతని మొహమ్మీదే రాసి ఉంది.

"ఏమమ్మా మునిలక్ష్మీ, మీరంతా ఇంగ మా ఊరికే పాలు తెస్తారంట గదా. ఇంకో రెండు క్యాన్లు కొనిపెట్టమంటావా?"

"నీ క్యాన్లు నువ్వు బాగా తోముకోప్పా, చాలు. మేము యాడికీ రాము."

వెంకటరామప్ప నవ్వాడు. చెడ్డవాడు కాదు, ఎగతాళి అతనికి ఊపిరి, అంతే. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అన్ని ఆవుల్ని ఏంటికి రాసినావమ్మా? నేను తొంభై అని రాసినాను. మా ఊళ్ళో ఎన్ని ఉండాయో నాకూ తెలీదు, మా ఊరోళ్ళకీ తెలీదు. గుండ్రంగా తొంభై. ఎవరొచ్చి తోకలు పట్టుకోని ఎంచుతారు?"

"ఎంచేదానికి వస్తే?"

"వస్తా ఉండారు. పట్టీ తప్పని నాలుగైదు ఊళ్ళోళ్ళు గలాటా చేసినారు. తమక ఊరి ఆఫీసులో ఒక అమ్మాయి ఉండాదంట, లెక్కల మనిషి. ఊరూరూ తిరిగి మళ్ళీ రాసుకుంటా ఉండాది. మా ఊరికి నిన్ననే వచ్చి పోయింది. నీ పుస్తకం ముందే సరిచేసుకో."

సరిచేయడం అంటే పదకొండు పేర్లు కొట్టేయడం. కొట్టేస్తే పదకొండు మంది ఆడవాళ్ళు సంఘం బయట నిలబడతారు. అందులో సొన్నమ్మ ఒకతె. అరవై ఆరేళ్ళ మనిషి, ఇల్లిల్లూ తిరిగి ఈ సంఘాన్ని నిలబెట్టిన మనిషి. పాలల్లో వేలు ముంచి చూసి, "బోరు నీళ్ళా, కుళాయి నీళ్ళా?" అని వరుసలో అందరి ముందూ అడిగే మనిషి. ఊళ్ళో కోడళ్ళందరికీ ఆమె నోరంటే హడల్. ఆమె పేరు మీద ఎర్రగీత గీసే ధైర్యం మునిలక్ష్మికి లేదు, మనసు అంతకన్నా లేదు.

కొట్టకుండా ఉంటే? వచ్చే అమ్మాయి పుస్తకాన్నీ ఇళ్ళనూ సరిపోల్చి చూస్తుంది. తేడా కనిపిస్తే తప్పుడు పుస్తకం అంటుంది. అప్పుడు నలభయ్యో స్థానం కూడా మిగలదు. మునిలక్ష్మి రెండు రోజులు ఆలోచించి, చివరికి పదకొండు ఇళ్ళకూ పోయి ఒకటే మాట చెప్పి వచ్చింది: "ఎన్ని ఆవులని అడిగితే ఒకటి అనండి. నీళ్ళు నమలొద్దండి. గట్టిగా ఒకటి అనండి."

తెలివైన పని చేశానని అనుకుంది కూడా, పాపం.

ఆ లెక్కల అమ్మాయి రంజని బుధవారం పదిగంటలకు స్కూటరు మీద వచ్చింది. ఇరవై ఆరేడేళ్ళు ఉంటాయి. తాత బడిపంతులు, తండ్రి బ్యాంకు గుమాస్తా, తను లెక్కలు చదివింది. నలభై ఒక్క ఊళ్ళూ తిరిగి, చివరగా ఇక్కడికి వచ్చింది. ఎండకు మొహం నల్లబడి ఉంది. మజ్జిగ ఇస్తే రెండు గ్లాసులు తాగి, "పదండమ్మా, ఇండ్లు చూద్దాం" అంది.

మొదటి ఇల్లు శశికళది. మునిలక్ష్మి ఈడుది, మాట చురుకు.

"ఎన్ని ఆవులున్నాయమ్మా మీకు?" అడిగింది రంజని.

"ఏదో ఉండాయమ్మా."

"పాలిచ్చేవి ఎన్ని?"

"ఒకటో రెండో."

వెనక కొట్టంలో మూడు తోకలు స్పష్టంగా ఊగుతున్నాయి. రంజని వాటివైపు చూసింది. శశికళ కూడా చూసింది, అవి తనవి కానట్టు.

"మూడు కనిపిస్తున్నాయి కదా?"

"ఒకటి చూడిది. ఒకటి మా చెల్లెలిది, నాలుగు రోజులు ఉంచిపోయింది."

మునిలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. ఆ ప్రాంతంలో అంతే. ఇంట్లో ఎన్ని ఆవులున్నాయని అడిగితే సరిగ్గా ఇన్ని అని ఎవరూ చెప్పరు. చెబితే దిష్టి తగులుతుంది, మర్నాడు పొదుగు వాస్తుంది. అడిగినవాళ్ళు మంచివాళ్ళయినా సరే. పక్కింటివాళ్ళు కూడా ఎంచరు, ఎంచినా బయటికి అనరు. సంఘం పుస్తకంలో ఎవరెవరు ఏ పేర్లు చెబితే అవి రాసుకున్నవే. వాటిలో ఎన్ని ఇప్పుడు పాలిస్తున్నాయో, ఎన్ని వట్టిపోయాయో, ఎన్ని అల్లుడింటికి పోయాయో కార్యదర్శికి కూడా ఖాయంగా తెలియదు.

రంజని విసుక్కుంటుందనుకుంది. కానీ ఆమె తీసిన కాగితంలో ప్రతి ఇంటికీ రెండు గళ్ళున్నాయి. ఒకదానిలో తక్కువంటే ఒకటి అని, రెండోదానిలో ఎక్కువంటే రెండు అని రాసుకుని లేచింది.

వీధిలోకి వచ్చాక మునిలక్ష్మి ఉండబట్టలేక అడిగింది. "అట్ల రాసుకుంటే లెక్క ఎట్ల వస్తాది మేడమ్?"

"ఆమె నాకు ఒకటో రెండో అని చెప్పింది. నేను ఒకటిన్నర అని రాసుకుంటే అది ఆమె అబద్ధం కాదు, నా అబద్ధం అవుతుంది. తెలిసినంత మటుకే రాసుకోవాల."

ఇల్లు తర్వాత ఇల్లు. ఏదో ఉండాయి. రెండో మూడో. మా ఆయనకు తెలుసు, ఆయన వేమగల్‌లో డ్యూటీకి పోయినాడు. దేవుడి దయ, అడగద్దమ్మా. రంజని అన్నిటినీ రెండు గళ్ళల్లోనూ సర్దుకుంటూ పోయింది. మధ్యలో పదకొండు ఇళ్ళు వచ్చాయి.

"ఎన్ని ఆవులమ్మా?"

"ఒకటి!"

బడిలో హాజరు పలికినట్టు పలికారు. చూడొచ్చా అంటే మేతకు పోయిందన్నారు. నడివేసవి. చెరువు అడుగు పగుళ్ళు తేలి ఉంది. కనుచూపు మేరలో పచ్చగడ్డి పరక లేదు. మూడో ఇంట్లో కూడా "మేతకు పోయింది" అని విన్నప్పుడు మునిలక్ష్మికి చెవులు వేడెక్కాయి. ఆరో ఇంటికి ఆమె వాకిట్లోనే నిలబడిపోయింది.

సొన్నమ్మ ఇంట్లో అయితే అడగకముందే జవాబొచ్చింది.

"ఒకటి. గౌరి. మేతకు పోయింది."

ఇంకొక్క ప్రశ్న అడిగి చూడు, అన్నట్టు కళ్ళు పెట్టి చూసింది ముసలామె. రంజని అడగలేదు. కొట్టం వైపు ఒకసారి చూసింది. శుభ్రంగా ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. పేడ వాసన కూడా లేదు.

మధ్యాహ్నం మూడింటికి సంఘం గదిలో రంజని ల్యాప్‌టాపు తెరిచింది. సొన్నమ్మ, శశికళ, ఇంకో అయిదారుగురు గోడవారన కూర్చున్నారు. మునిలక్ష్మి పుస్తకాలు ముందు పెట్టి, తను కూర్చోకుండా నిలబడింది.

"ముందొచ్చిన పట్టీలో ఏం తప్పు జరిగిందంటే, ఎవరు ఏ నంబరు రాసిస్తే దాన్ని మేము కళ్ళు మూసుకొని నమ్మేసినాము" అంది రంజని. "ఒక ఊళ్ళో తొంభై ఆవులని రాసిచ్చినారు. పోయి చూస్తే తొంభైకీ నూటముప్పైకీ మధ్యలో ఎన్నైనా ఉండొచ్చు."

ఆ ఊరు ఏదో మునిలక్ష్మికి తెలుసు. ఎంత భయంలో ఉన్నా పెదవి చివర నవ్వు వచ్చింది.

"అందుకని ఈసారి ప్రతి సంఘానికీ రెండుసార్లు లెక్క కడతాము. మొదటిసారి అన్నీ మీకు కలిసొచ్చినట్టు: మీ ఆవులు తక్కువలో తక్కువ, మిగతా ఊళ్ళవి ఎక్కువలో ఎక్కువ. రెండోసారి అన్నీ మీకు ఎదురు తిరిగినట్టు. దేనికి ఎంత బరువు ఇవ్వాలో కూడా మీకు మేలయ్యేటట్టే చూస్తాము. మీ వెన్న బాగుంటే వెన్నకు ఎక్కువ బరువు ఇస్తాము. అన్ని ఊళ్ళకూ ఒకటే గీత ఉంటాది. రెండుసార్లూ ఆ గీత దాటితే మొదటి గుంపు. కలిసొచ్చినప్పుడు మాత్రమే దాటితే రెండో గుంపు. అన్నీ కలిసొచ్చినా దాటలేకపోతే మూడో గుంపు. మూసేది మూడో గుంపును మాత్రమే."

"నడిమి గుంపును?" సొన్నమ్మ అడిగింది.

"ముట్టుకోము అవ్వా. అనుమానం ఉన్నచోట మూసేదానికి లేదు."

"అది న్యాయమే" అని సొన్నమ్మ తీర్పు చెప్పింది.

రంజని ఇంటింటి అంకెలు ఎక్కించింది. తక్కువంటే నూటరెండు ఆవులు, ఎక్కువంటే నూటపద్దెనిమిది. పాలు ఆరువందల పన్నెండు. అది తూకంలో వచ్చినది కాబట్టి రెండు గళ్ళు అక్కర్లేదు. బూసా మూటలు, మనుషులు, వెన్న. ఒక మీట నొక్కింది. ఎదురు తిరిగిన లెక్క కట్టింది, గీత కిందే. కలిసొచ్చిన లెక్క కట్టింది. చాలాసేపు తెర వైపే చూసింది.

"ఇది కూడా గీత దాటలేదమ్మా" అంది మెల్లగా. "కొంచెంలో పోయింది. కానీ ఇట్లయితే మీది మూడో గుంపు."

మునిలక్ష్మికి ఎర్రగట్టపల్లి దారి కళ్ళముందు కనిపించింది, ఎండలో క్యాన్లు మోసుకుంటూ పోతున్న ఆడవాళ్ళతో సహా.

రంజని ల్యాప్‌టాపు మూయలేదు. పాలపుస్తకం దగ్గరికి లాక్కుని, పేజీలు వెనక్కి తిప్పింది. ఈ ఏడు, పోయిన ఏడు, అంతకు ముందటి ఏడు.

"ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దండి. ఈ గౌరి అనే ఆవు మూడేళ్ళుగా రోజుకు ఒక లీటరే ఇస్తోంది. పొద్దున ఏమీ లేదు, సాయంత్రం ఒక లీటరు. ఒక రోజు ఎక్కువ లేదు, ఒక రోజు తక్కువ లేదు. ఈనలేదు, వట్టిపోలేదు. నలభై రెండు ఊళ్ళల్లో ఇట్లాంటి ఆవును నేను చూళ్ళేదు." ఆగింది. "ఇట్లాంటివి ఈ పుస్తకంలో పదకొండు ఉన్నాయి. ఇంకొకటి కూడా చెప్తాను. ఊరంతా ఒకటో రెండో అన్నారు. పదకొండు ఇళ్ళల్లో మాత్రం ఒకటి అని గట్టిగా చెప్పినారు. ఆ ఇళ్ళే ఈ ఇళ్ళు."

తన తెలివి తననే పట్టించిందని మునిలక్ష్మికి అప్పుడు అర్థమైంది. కాదని బుకాయిస్తే సంఘం మూతపడుతుంది. ఔనంటే తప్పుడు పుస్తకం రాసిన కార్యదర్శి అవుతుంది, పదకొండు మందీ పోతారు, ఆ పైన సంఘం ఉంటుందో లేదో ఎవరికి తెలుసు? గోడవారన కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ తల ఎత్తడం లేదు. ఆమెకు హఠాత్తుగా విసుగొచ్చింది. భయం మీద విసుగు. మూడేళ్ళుగా రోజూ పదకొండుసార్లు ఆ ఒక లీటరు రాసీ రాసీ ఆమె వేళ్ళు అలసిపోయాయి.

"లేవు మేడమ్" అంది. "ఆ ఆవులు లేవు. గడ్డల జబ్బుకు పోయినాయి. పుస్తకంలో ఉంచింది నేనే."

ఇక ఆపలేదు. పేర్లు చెప్పుకుంటూ పోయింది. పిల్లప్ప ఇంటి లక్ష్మి లేదు. బచ్చప్ప కోడలి నల్లావు లేదు. ఓబలప్ప ఇంట్లో తెల్లమచ్చది లేదు. ఒక్కో పేరుకూ రంజని తల ఊపింది. పది పేర్లయ్యాయి. పదకొండో పేరు దగ్గర మునిలక్ష్మి ఆగిపోయింది. ఎదురుగా ఆ మనిషి కూర్చుని ఉంటే ఎట్లా అంటుంది?

"ఏంటికి నిలిపినావు?" అని కసిరింది సొన్నమ్మ. "చెప్పేదేదో చెప్పు." ఇంక ఆగకుండా సొన్నమ్మే రంజని వైపు తిరిగింది. "గౌరి కూడా లేదు తల్లీ. మూడేండ్లయింది. నేనే దగ్గరుండి గుంత తీయించి పూడిపించినాను."

రంజని అడిగింది. "మరి ఆ పాలు?"

"పాలు మావేనమ్మా" శశికళ అందుకుంది. "ఆవు పోయినోళ్ళు సంఘంలో ఉండల్ల గదా. అందుకని వీధిలో నలుగురూ తలా ఒక పావు పోస్తాము. నీళ్ళు కలపలేదు, బయటినుంచి తేలేదు. మా ఆవుల పాలే."

రంజని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అద్దాలు మురికిగా ఏమీ లేవు.

"అంటే పాలు నిజం" అంది, తనకు తను చెప్పుకున్నట్టు. "ఎవరి పేరున రాసినా క్యానులో పడింది అవే పాలు. ఆరువందల పన్నెండు అట్లనే ఉంటాది. తగ్గేది ఆవులు మాత్రమే." వేళ్ళు చకచకా ఆడాయి. నూటరెండు తొంభై ఒకటయింది. నూటపద్దెనిమిది నూటఏడయింది. ఎదురు తిరిగిన లెక్క కట్టింది. గీతకు కొంచెం కింద. కలిసొచ్చిన లెక్క కట్టింది.

"దాటింది" అంది రంజని. "బాగానే దాటింది. రెండో గుంపు."

"అంటే?" మునిలక్ష్మి అడిగింది. అర్థమయ్యే అడిగింది. ఇంకోసారి వినాలని అడిగింది.

"అంటే మీ సంఘం మూయరమ్మా."

మునిలక్ష్మి బోర్లించిన క్యాను మీద కూలబడింది. నవ్వొస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మళ్ళీ నవ్వింది. పది రోజులుగా గుండెల మీద కూర్చున్న బరువు లేచిపోయింది. ఆకలి కూడా వేసింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

కానీ రంజని మొహం గట్టిగానే ఉంది. "ఒక్క మాట. రేపటినుంచి లేని ఆవు పేరున పాలు రాయగూడదు. ఎవరి పాలు వాళ్ళ పేరుకే. నేను చూసినది చూసినట్టు రాస్తాను."

నవ్వు ఆగిపోయింది. "మరి ఆ పదకొండు మంది?"

"ఆవు జబ్బుతో పోయిందనీ, వీళ్ళను సభ్యులుగానే ఉంచుకుంటామనీ మీ సభలో తీర్మానం చేసి పంపండి. మీరు చేసింది ఎందుకు చేసినారో నా రిపోర్టులో నేనూ రాస్తాను. ఆవుల్ని తీసేయమని చెప్పినాను గానీ మనుషుల్ని తీసేయమని నేను చెప్పలేదు."

శశికళ చెయ్యెత్తింది. సభ ఇంకా మొదలే కాలేదని ఎవరో అన్నారు. "మొదలైనప్పుడు మళ్ళీ ఎత్తుతాను" అంది శశికళ, చెయ్యి దించకుండానే.

తీర్మానం పంపాక పదిహేను రోజులకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. బండ్లకుప్పం సంఘం కొనసాగుతుంది, పదకొండు మంది సభ్యత్వం కొనసాగుతుంది, కార్యదర్శి ఇకముందు పుస్తకం జాగ్రత్తగా రాయాలి. జాగ్రత్తగా అన్న మాట కింద గీత కూడా గీశారు. ఎర్రగట్టపల్లి కూడా రెండో గుంపేనని తెలిసిన రోజు వెంకటరామప్ప బస్టాండులో మునిలక్ష్మిని చూసి మొహం తిప్పుకుని, అంతలోనే నవ్వేసి, టీ ఇప్పించాడు. కానీ బండ్లకుప్పంలో జరగవలసింది అంతవరకూ ఆగలేదు. రంజని స్కూటరు మలుపు తిరిగిన ఆ సాయంత్రమే జరిగింది.

ఐదింటికి వరుస కట్టారు. క్యాన్లు, చెంబులు, మామూలు మాటలు. సంఘం నిలబడిందన్న కబురు అప్పటికే ఇంటింటికీ చేరింది కాబట్టి మామూలుకన్నా గట్టిగానే మాట్లాడుకుంటున్నారు. అంతలో సొన్నమ్మ వచ్చింది. క్యాను తేలేదు. మూడేళ్ళలో మొదటిసారి ఉత్త చేతులతో వచ్చి, తన చోట నిలబడి, ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక చెంగులో చుట్టుకుంది.

శశికళ అలవాటుగా పావు లీటరు చెంబు ముంచి ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది.

శశికళ చెంబు దించింది. క్యాను కింద పెట్టి, వరుస దాటి పోయి, సొన్నమ్మ రెండు చేతులూ పట్టుకుంది. చావింటికి పోయినప్పుడు అడిగినట్టు అడిగింది.

"గౌరి ఎట్ల పోయిందమ్మా?"

ఎట్లా పోయిందో శశికళకు తెలుసు. గుంత దగ్గర ఆమె మొగుడే పార పట్టాడు. వరుసలో ఉన్న అందరికీ తెలుసు. కానీ మూడేళ్ళుగా ఆ మాట ఒక్కరూ అడగలేదు. పుస్తకంలో రోజూ పాలిస్తున్న ఆవును పట్టుకుని ఎట్లా పోయిందని ఎట్లా అడుగుతారు? మంచి చేస్తున్నామనుకుని ఆ ముసలామెను ఏడవనివ్వలేదని మునిలక్ష్మికి ఆ క్షణంలో తెలిసింది.

సొన్నమ్మ ముందు కసురుకుంది. "ఎట్ల పోయిందంటే ఏం చెప్పేది? అన్నిట్లాగే పోయింది." తర్వాత గొంతు మారింది. "పదకొండు దినాలు నిలబడే ఉండాది శశీ. పడుకుంటే ఇంగ లేవనని దానికి తెలుసు. గంజి నోటికి పెడితే తాగలేదు గానీ, నా చెయ్యి మాత్రం నాకింది. పన్నెండో దినం పొద్దున..."

అక్కడ ఏడ్చింది. ఊరి కోడళ్ళందరినీ గడగడలాడించిన మనిషి నడివీధిలో బావురుమంది. వరుస చెదిరిపోయి చుట్టూ మూగింది. ఒకరు నీళ్ళు తెచ్చారు, ఒకరు వీపు నిమిరారు. ఇంకొకరు ఏ ఈతలో కొన్నావమ్మా అని అడిగారు. సొన్నమ్మ మొదటినుంచీ చెప్పింది, కొన్న రోజు, మొదటి దూడ, అది తాడు తెంచుకుని రాగిచేలో పడిన రోజు. అది చెప్పేటప్పుడు కొంచెం నవ్వింది కూడా. పక్కనే ఉన్న బచ్చప్ప కోడలు తన నల్లావు కబురు ఎత్తుకుంది. దాన్నీ ఎట్లా పోయిందని ఎవరో అడిగారు.

పాలు పట్టుకుపోయే లారీ వచ్చింది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. మునిలక్ష్మి బయటికి వచ్చి అతన్ని కాసేపు ఆగమంది. ఎందుకని అడిగాడతను.

"చావు పలకరిస్తా ఉండారు" అంది మునిలక్ష్మి. "అయినంక పోస్తారు."